కారంచేడులో ‘జీ’ ఎంత?

జూనియర్ ఇంటర్ ఎంపీసీలో చేరిన పిల్లలు ఎవరు కనపడినా, ముందు జీ విలువ ఎంతో చెప్పమంటాను. “తొమ్మిది పాయింట్ ఎనిమిది, తాతయ్యా!” అని రెప్ప వెయ్యకుండా చెబుతారు. “ఏ ఊళ్ళో?” అనగానే బిక్కమొహం వేస్తారు.

జీ అంటే గురుత్వ త్వరణం, అది ఊరూరికీ మారుతుందర్రా! సెకను వర్గానికి మీటర్లలో చెబితే భూమధ్యరేఖ దగ్గర 9.780, ధ్రువాల దగ్గర 9.832. మన కారంచేడు సుమారు 15.9 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద, దాదాపు సముద్రమట్టంలోనే ఉంది. లెక్క కడితే 9.784 వస్తుంది. గిర్రున తిరిగే భూమికి నడుము దగ్గర ఉబ్బుంది. కేంద్రం నుంచి కొలిస్తే ధ్రువాలకన్నా భూమధ్యరేఖ 21 కిలోమీటర్లు ఎక్కువ దూరం. అందుకు కొంత తగ్గుదల, తిరుగుడువల్ల మరికొంత.

ఈ సంగతి మొదట పట్టించింది ఓ గడియారం. 1672లో జాన్ రిషే అనే ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త దక్షిణ అమెరికాలోని కయెన్‌కు వెళ్ళాడు. పారిస్‌లో సరిగ్గా నడిచిన లోలకం గడియారం అక్కడ రోజుకు రెండున్నర నిమిషాలు వెనకబడింది. భూమి నడుము దగ్గర ఉబ్బిందనడానికి న్యూటన్ దీన్నే సాక్ష్యంగా తీసుకున్నాడు. ఆ గడియారాన్నే మన ఊరు తెస్తే రోజుకు ఒక నిమిషం యాభై సెకన్ల దాకా వెనకబడుతుంది. మన దేశంలో 1865 నుంచి బసేవి అనే సర్వే అధికారి కన్యాకుమారి వైపునుంచి హిమాలయాల దాకా లోలకాలు మోసుకుంటూ తిరిగాడు. 1871లో లదాఖ్‌లో, ఆ పనిలోనే ప్రాణం విడిచాడు. ఒక్కో చోట జీ విలువలో మూడో నాలుగో దశాంశ స్థానం కోసం అంత పాటు!

మనవాళ్ళేమో లఘులోలకం ప్రయోగంలో, సెంటీమీటర్ల లెక్కన, 980 వచ్చేట్టు ముందే లెక్క చూసుకుని, రీడింగులు వెనకనుంచి రాస్తారు. నాకు మనసుకు కష్టంగా ఉంటుంది. భౌతికశాస్త్రంలో అసలు రుచి ఉన్నదే అక్కడ. దాన్ని తినకుండానే విస్తరి ఎత్తేస్తున్నారు.

ఇంట్లోనే చెయ్యండి. తాపీమేస్త్రి గోడ నిలువు చూసుకునే గుండు లాంటిది, సాగని సన్నదారం చాలు. దారాన్ని ఊరికే మేకుకు ముడెయ్యకండి, ఊగినప్పుడల్లా ముడి కదిలి పొడవు మారుతుంది. రెండు చెక్క ముక్కల మధ్య బిగించండి. ఆ చెక్కల అడుగు అంచు నుంచి గుండు కేంద్రం వరకు మీటరు. ఫ్యాను ఆపండి, సముద్రపు గాలి రాకుండా కిటికీ మూయండి. గుండును అయిదు డిగ్రీలు మించకుండా పక్కకు లాగి వదలండి.

కొసన కాదు, నడిమిన ఒకే వైపుకు దాటేటప్పుడు లెక్కపెట్టండి. కొసన గుండు తారాడుతుంది, ఎప్పుడు ఆగిందో కన్ను పట్టలేదు. నడిమిన దాని వేగం ఎక్కువ, దాటిన క్షణం స్పష్టంగా తెలుస్తుంది. మొదటిసారి దాటినప్పుడు ‘సున్నా’ అనాలి. ‘ఒకటి’ అంటే మీరు ఇరవై అనుకున్నవి పందొమ్మిదే అవుతాయి, జీ కాస్తా 10.8 దాటిపోతుంది!

మీటరు దారానికి ఇరవై డోలనాలు దాదాపు 40 సెకన్లు. స్టాప్‌వాచ్ నొక్కడంలో మీ వేలు అయిదో వంతు సెకను తడబడినా జీ విలువ 0.1 మేర అటూ ఇటూ అవుతుంది. అంటే 9.7 వచ్చినా, 9.9 వచ్చినా తప్పేం లేదు, ఆ తడబాటుతో సహా రికార్డులో రాయండి. నూరు డోలనాలు లెక్కపెడితే ఆ తేడా 0.02కు దిగుతుంది. మూడొందలు, అంటే పది నిమిషాలు, ఓపిక పడితే 0.01 లోపే. అప్పుడు 9.80కీ 9.784కీ తేడా మీ చేతికే అందుతుంది, పొడవును మిల్లీమీటరులో సగం లోపు కొలిస్తేనే సుమా.

గుండు కేంద్రం కచ్చితంగా ఎక్కడుందో తేల్చుకోవడం మహా చిక్కు. దానికి గ్రాఫ్ ఉంది. అయిదారు పొడవులకు ఆవర్తనకాలం కొలిచి, దాని వర్గాన్ని పొడవుతో గీయండి. కేంద్రం రెండు మిల్లీమీటర్లు తప్పుగా తీసుకున్నారనుకోండి, ప్రతి పొడవులోనూ అదే రెండు మిల్లీమీటర్లు తప్పుంటుంది. గీత మొత్తం పక్కకు జరుగుతుంది గానీ వాలు మారదు. జీ వచ్చేది ఆ వాలునుంచే. గీత మూలబిందువులోంచి పోకుండా పొడవుల అక్షాన్ని ఎంత దూరంలో కోసిందో చూస్తే, కేంద్రాన్ని ఎంత తప్పుగా కొలిచారో కూడా తెలుస్తుంది.