జపాన్ కత్తి దారిలో ఎక్కడ ఆగుతుంది?

విదేశం నుంచి వస్తువు తెప్పించుకోవడం మన ఇళ్లలో ఇప్పుడు వింత కాదు. అయితే డబ్బు కట్టిన రోజు ఉన్న ఉత్సాహం మూడు వారాలకల్లా కంగారుగా మారుతుంది. ట్రాకింగ్‌లో అదే మాట, అదే తేదీ. అమ్మినవాడు మోసం చేశాడా, పార్సెల్ పోయిందా, కస్టమ్స్‌వాళ్లు పట్టుకున్నారా అని తలా ఒక అనుమానం చెబుతారు. ఈ ఆలస్యాలు ఎక్కడెక్కడ పుడతాయో, మన డబ్బుకూ వాటికీ ఉన్న సంబంధం ఏమిటో ఈ వ్యాసంలో చెబుతాను. అందుకు నేను ఎంచుకున్న ఉదాహరణ కాస్త విచిత్రమైనదే: జపాన్ నుంచి పాత కత్తి.

విచిత్రం అనిపించినా మా చరోదాలో ఇది నిజంగా వచ్చిన ప్రశ్నే. ఇక్కడి రైల్వే కాలనీల్లో శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. అలాంటి ఒక ఇంటి పెద్దాయన యార్డులో పనిచేసి రిటైరయ్యారు. కొడుకు భిలాయి ఉక్కు కర్మాగారంలో ఉద్యోగి. రోజంతా ఉక్కుతోనే పని కాబట్టి ఆ అబ్బాయికి పాతకాలపు ఉక్కు మీద ఆసక్తి, అందులోనూ జపాన్ కత్తులంటే మోజు. ఒకటి తెప్పించుకుంటానని పట్టుబట్టాడు. "డిపాజిట్ విరిచి ఇమ్మంటున్నాడు మేనేజరు బాబూ. మాఘంలో అమ్మాయి పెళ్లి ఉంది. డబ్బు పంపితే సరుకు ఎన్నాళ్లకు వస్తుంది? రాకపోతే డబ్బు వెనక్కి వస్తుందా?" అని పెద్దాయన అడిగారు. పక్కనే ఉన్న పిన్నిగారి ప్రశ్న వేరు: "కత్తి ఇంట్లో ఉంటే పోలీసులు రారు కదా నాయనా?"

మూడూ సరైన ప్రశ్నలే. పిన్నిగారి ప్రశ్నకు ముందు జవాబు వెతకాలి.

మొదట అనుమతి, తర్వాతే చెల్లింపు

మన దేశంలో ఆయుధాల చట్టం, 1959 తుపాకులకే పరిమితం కాదు. పదునైన మారణాయుధాలు కూడా ఆయుధం అనే నిర్వచనంలోకి వస్తాయి. ఆయుధాన్ని సముద్ర, భూ, వాయు మార్గాల్లో దేశంలోకి తేవాలంటే లైసెన్సు అవసరమని సెక్షన్ 10 చెబుతుంది. అది వందేళ్ల నాటి కళాఖండమే కావచ్చు, చూసే అధికారికి ముందుగా కనబడేది పొడవైన పదునైన కత్తి. అందుకే జిల్లా యంత్రాంగం దగ్గర, మా విషయంలో దుర్గ్ కలెక్టరేట్‌లో, లిఖితపూర్వకంగా అడిగి జవాబు తెచ్చుకున్నాకే అమ్మేవారికి మాట ఇవ్వాలి. ఈ పని వదిలేసి డబ్బు పంపితే ఆలస్యంతో పోదు, సరుకు జప్తు దాకా వెళ్లవచ్చు.

జపాన్ వైపు కూడా ఇలాంటి కట్టుబాటే ఉంది. అక్కడ 1958 నాటి తుపాకుల, కత్తుల నియంత్రణ చట్టం ప్రకారం ప్రతి పాత కత్తికీ రిజిస్ట్రేషన్ పత్రం ఉండాలి. దాన్ని తోరొకుషో అంటారు. కత్తిని దేశం దాటించాలంటే అక్కడి సాంస్కృతిక వ్యవహారాల సంస్థ బుంకా చో నుంచి ఎగుమతి ధ్రువపత్రం తీసుకోవాలి. ఆ కత్తి జాతీయ సంపదగా గుర్తించినది కాదని ఆ పత్రం చెబుతుంది. దీనికి కొన్ని వారాలు పడుతుంది. తోరొకుషోను తిరిగి ప్రభుత్వానికి అప్పగించేస్తారు. "డబ్బు కట్టి నెల అయింది, ఇంకా పంపలేదు" అనే ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం ఇదే. అమ్మేవారి నిర్లక్ష్యం అనుకుంటాం గానీ కాగితం ఇంకా బల్ల మీదే ఉంటుంది.

కొందరు నిపుణుల ధ్రువీకరణ కూడా కావాలంటారు. జపాన్‌లో కత్తుల పరిరక్షణకు 1948లో ఏర్పడిన సంఘం ఒకటి కత్తిని పరిశీలించి, ఎవరి పనితనమో, ఏ కాలానిదో తేల్చి పత్రం ఇస్తుంది. పత్రం ముందే ఉన్న కత్తిని కొంటే సరే. కొన్నాక పరిశీలనకు పంపమంటే మరికొన్ని నెలలు కలుపుకోవాలి.

యార్డు నేర్పే పాఠం

మా చరోదా పక్కనే భిలాయి మార్షలింగ్ యార్డు ఉంది. గూడ్సు బండి గురించి ఇక్కడ చిన్నపిల్లలకు కూడా తెలిసిన సంగతి ఒకటి ఉంది. వాగను ప్రయాణం మీద పెట్టే సమయం తక్కువ, యార్డులో ఆగే సమయం ఎక్కువ. అది దిగాలి, విడదీయాలి, అటు వెళ్లేవాటితో కలపాలి, రేకు నిండాలి, ఇంజను రావాలి.

విదేశీ పార్సెల్ కూడా అంతే. విమానం టోక్యో నుంచి మన దేశానికి ఒక్క రోజులోపే వస్తుంది. మిగతా సమయమంతా నాలుగు యార్డుల్లో గడుస్తుంది: అమ్మేవారి దగ్గర, జపాన్ ఎగుమతి కేంద్రంలో, మన విదేశీ తపాలా కార్యాలయం లేదా కార్గో టెర్మినల్‌లో, చివరగా స్థానిక పంపిణీలో. ఏ యార్డులో ఉందో తెలిస్తే ఎవరిని అడగాలో తెలుస్తుంది.

తపాలా పార్సెల్ నంబరులో 13 అక్షరాలు, అంకెలు ఉంటాయి. ముందు రెండు ఆంగ్ల అక్షరాలు, మధ్యలో తొమ్మిది అంకెలు, చివర దేశాన్ని చెప్పే రెండు అక్షరాలు. జపాన్‌లో బయల్దేరితే చివర జేపీ ఉంటుంది. అదే నంబరును జపాన్ తపాలా సైటులోనూ, మన ఇండియా పోస్టు సైటులోనూ వేసి చూడండి. జపాన్ సైటు "పంపేశాం" అంటూ ఉండగానే ఇండియా పోస్టులో "అందింది" అని పడి ఉండవచ్చు. రెండూ చూడకుండా అమ్మేవారితో గొడవకు దిగవద్దు.

వార్తల్లో వచ్చే ప్రతి ఆటంకమూ మన పార్సెల్‌కు తగలదు. 2021 మార్చిలో సూయజ్ కాలువలో ఎవర్ గివెన్ ఓడ అడ్డం పడింది. 2023 చివరి నుంచి ఎర్రసముద్రంలో దాడుల వల్ల ఎన్నో ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరిగాయి. కానీ జపాన్ నుంచి మనకు వచ్చే ఓడ మలక్కా జలసంధి మీదుగా వస్తుంది, సూయజ్ దాటదు. ఓడలు, కంటైనర్లు దొరకక పరోక్షంగా ఇబ్బంది రావచ్చు. అయినా ఆ వార్త చూపించి నెలలకు నెలలు ఎవరైనా సాకు చెబితే నిలదీసి అడగండి. పండుగలు మాత్రం నిజమైన కారణమే. జపాన్‌లో జనవరి మొదటి రోజులు, ఏప్రిల్ చివరి నుంచి మే మొదటి వారం వరకు, ఆగస్టు మధ్యలో పనులు మందగిస్తాయి. మనకు దసరా, దీపావళి ఎలాగూ ఉన్నాయి.

కస్టమ్స్ దగ్గర

ఎక్కువ మంది ఇరుక్కునేది ఇక్కడే. అధికారి ముందున్న మొదటి ప్రశ్న ఈ వస్తువును ఏమని పిలవాలన్నది. సుంకాల పట్టికలో కత్తులు 93వ అధ్యాయంలో ఉంటాయి. వందేళ్లు దాటిన పురాతన వస్తువులు 97వ అధ్యాయంలో ఉంటాయి. వయసుకు రుజువు లేకపోతే అధికారి తన జాగ్రత్తలో తానుండక తప్పదు. అందుకే జపాన్ ఎగుమతి ధ్రువపత్రం, నిపుణుల పత్రం, ఇన్వాయిస్, మన దగ్గరి అనుమతి ప్రతులు, గుర్తింపు పత్రాలు ముందే స్కాన్ చేసి ఒకే ఫైలులో ఉంచుకోవాలి. సుంకం తగ్గుతుందని ధర తక్కువ రాయమని అమ్మేవారిని అడగవద్దు. బ్యాంకు పంపిన మొత్తానికీ ఇన్వాయిస్‌కూ పొంతన లేకపోతే అనుమానం అక్కడే మొదలవుతుంది.

మరి రెండు చిన్న విషయాలు ఉన్నాయి. చెక్కపెట్టెలో వస్తే ఆ చెక్కను పురుగుల నివారణకు శుద్ధి చేసినట్టు అంతర్జాతీయ ముద్ర ఉండాలి. ఒరలో, పిడిలో ఏనుగు దంతం, తాబేలు చిప్ప వంటివి ఉంటే వన్యప్రాణుల వాణిజ్య నిబంధనలు అడ్డొస్తాయి. కొనేముందే ఈ రెండూ అడిగి తెలుసుకోండి.

నోటీసు వస్తే పక్కన పెట్టకండి. కస్టమ్స్ చట్టం, 1962 సెక్షన్ 48 ప్రకారం దించిన 30 రోజుల్లోగా సరుకు విడిపించుకోకపోతే నోటీసు ఇచ్చి అమ్మేయవచ్చు. గోదాము అద్దె ఈలోగా పెరుగుతూనే ఉంటుంది.

డబ్బు వైపు లెక్క

ఇక మన రంగంలోకి వద్దాం. వస్తువు కోసం ముందుగా విదేశానికి డబ్బు పంపితే, ఇప్పటిదాకా అమల్లో ఉన్న రిజర్వు బ్యాంకు మాస్టర్ డైరెక్షన్ ప్రకారం సాధారణ సరుకు 6 నెలల్లో దేశంలోకి రావాలి. వచ్చినట్టు కాగితం బ్యాంకుకు చూపించాలి. కాబట్టి ఆలస్యం కొనుగోలుదారుకే కాదు, బ్యాంకుకూ లెక్కే. నియమాలు మారుతుంటాయి గనుక పంపే రోజున ఫారెక్స్ బ్రాంచిలో అడిగి తెలుసుకోవాలి.

కార్డుతో చెల్లించినవారికి ఒక వెసులుబాటు ఉంది. సరుకు రాకపోతే బ్యాంకులో వివాదం నమోదు చేయవచ్చు. కానీ దానికి గడువుంటుంది. చాలా సందర్భాల్లో అది 120 రోజులు. "ఇంకో నెల ఆగండి" అని అమ్మేవారు మంచిగా చెబుతూ ఉండగానే ఆ గడువు దాటిపోవచ్చు. మంచి మాటలు వింటూనే తేదీని క్యాలెండర్‌లో రాసి పెట్టుకోండి.

మారకం రేటును కూడా మరవొద్దు. యెన్ ధరను మనం 100 యెన్‌లకు ఇన్ని రూపాయలని చెప్పుకుంటాం. 3 లక్షల యెన్‌ల వస్తువుకు రేటు 55 ఉంటే రూ. 1,65,000. అది 60 అయితే రూ. 1,80,000. సగం ఇప్పుడు, సగం ఎగుమతి పత్రం వచ్చాక అని ఒప్పందం చేసుకుంటే, రెండో సగం మీద ఈ తేడాకు చోటు ఉంచుకోవాలి. అయినా ఆ పద్ధతే మేలు. పత్రం రాకపోతే సగం డబ్బయినా మన దగ్గర ఉంటుంది.

బీమా ఉందిలే అనుకునేవారికి ఒక మాట. సముద్ర బీమా చట్టం, 1963 సెక్షన్ 55 ప్రకారం, పాలసీలో వేరుగా రాసుకుంటే తప్ప, ఆలస్యం వల్ల కలిగిన నష్టానికి బీమా సంస్థ బాధ్యత వహించదు. పాత కత్తి విషయంలో ఇది చాలా పెద్ద మాట. వానాకాలంలో గోదాములో రెండు నెలలు పడి ఉంటే తుప్పు పడుతుంది. తుప్పు తీయాలంటే మెరుగు పెట్టాలి, మెరుగు పెట్టిన ప్రతిసారీ కొంత ఉక్కు శాశ్వతంగా పోతుంది. అందుకే పంపే ముందు పలుచగా నూనె రాసి, షిరసయా అనే సాదా చెక్క ఒరలో పెట్టి, తేమ చొరకుండా చుట్టమని అడగాలి. జపనీయులు ఇందుకు లవంగం వాసన ఉండే చోజి నూనె వాడతారు. వీలైతే వర్షాకాలం దాటాకే పంపించమనండి.

నచ్చలేదని తిప్పి పంపడం కూడా సులువు కాదు. జపాన్‌లో రిజిస్ట్రేషన్ అప్పటికే రద్దయి ఉంటుంది, అక్కడ మళ్లీ కొత్తగా చేయించాలి. ఇక్కడేమో వందేళ్లు దాటిన వస్తువు ఎగుమతికి పురావస్తువుల చట్టం, 1972 అడ్డు నిలుస్తుంది.

ఎన్ని వారాలని చెప్పాలి?

మేనేజ్‌మెంట్ చదువులో నేర్చుకున్న ఒక సూత్రం ఇక్కడ పనికొచ్చింది. అన్నీ సవ్యంగా జరిగితే ఎన్ని వారాలు, మామూలుగా ఎన్ని, అన్నీ ఎదురు తిరిగితే ఎన్ని అని మూడు అంకెలు రాయండి. మామూలు అంకెను నాలుగుతో గుణించి, మిగతా రెండూ కలిపి, ఆరుతో భాగించండి. పెద్దాయన ముందు నేను వేసినవి 6, 9, 24. వచ్చిన జవాబు 11 వారాలు. "అయితే పెళ్లి లోపలే వస్తుంది కదా" అని అబ్బాయి అన్నాడు. 11 సగటు మాత్రమే. ఇంట్లో పెళ్లి ఉన్నప్పుడు చూడాల్సింది 24నే. అన్ని వారాలూ ఆ డబ్బు లేకుండా ఇల్లు గడవగలిగితేనే కొనాలని చెప్పాను.

వాళ్లు డిపాజిట్ విరవలేదు. అబ్బాయి తన జీతంలోంచి ఒక పాత త్సుబా తెప్పించుకున్నాడు. త్సుబా అంటే పిడికీ అలుగుకూ మధ్య ఉండే ఇనుప బిళ్ల. పదును ఉండదు, చిన్నది, అయినా పనితనం చూడముచ్చటగా ఉంటుంది. అది రావడానికి కూడా ఏడు వారాలు పట్టింది. అందులో నాలుగు వారాలు కస్టమ్స్ యార్డులోనే. పెళ్లి మాత్రం వేళకు జరిగింది. కలెక్టరేట్‌కు అర్జీ పెట్టుకుని కత్తి సంగతి తీరిగ్గా చూసుకుంటున్నాడు.

మంచి ఉక్కు కోసం ఎదురుచూడటం ఈనాటిది కాదు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మన కమ్మరులు మూసల్లో కరిగించి తీసిన ఉక్కు ఒకప్పుడు పర్షియా దాకా వెళ్లేది. అక్కడ కత్తులయ్యేది. ఆంగ్లంలో ఊట్జ్ అన్న పేరు మన ఉక్కు అనే మాట నుంచే వచ్చిందని పండితులు అంటారు. 1820ల్లో ఆ కొలుములు చూసిన వైద్యుడు హెన్రీ వాయిసే, ఇస్ఫహాన్ నుంచి వచ్చిన వ్యాపారి అక్కడే మకాం ఉండి ఉక్కు కొంటున్నాడని రాశాడు. అంత దూరం వచ్చి కొలిమి దగ్గర కూర్చున్న ఆ వ్యాపారికి సరుకు ఎక్కడుందో, ఎందుకు ఆగిందో కళ్ల ముందే కనబడేది. మనకు ఆ వీలు లేదు. మన చేతిలో ఉన్నవి కాగితాలు, తేదీలు, ఒక ట్రాకింగ్ నంబరు. వాటిని డబ్బు కట్టే ముందే సర్దుకుంటే ఆలస్యం జరిగినా నష్టం జరగదు.