కణమునకు బంగారు బొట్టు

బంగారము పసుపుపచ్చగా ఉండునని శ్రోతలకు మేము చెప్పవలసిన పనిలేదు. కాని దానిని అతిసూక్ష్మమైన రేణువులుగా మార్చి నీటిలో నిలిపినచో, ఆ నీరు దానిమ్మరసమువలె ఎర్రగా కనిపించును. మందుల దుకాణములలో అమ్ము గర్భనిర్ధారణ పట్టీలపైనను, 2020 తరువాత మనమందరము చూచిన కోవిడ్ పరీక్షపట్టీలపైనను తేలెడు ఎర్రని గీత పెక్కింటిలో ఇట్టి బంగారమే. కంసాలి చేతి కెక్కకుండ ఇంటిలోనికి వచ్చి, పరీక్ష ముగియగానే చెత్తబుట్టలో పడుచున్న బంగారమిది!

ఈ పట్టీలలోని ఉపాయము అంతకుముందే కణములను సూక్ష్మదర్శినిలో పరిశీలించువారి వాడుకలో ఉండెను. వారి చిక్కు ఏమనగా, ఒక్క జీవకణములో వేలరకముల ప్రోటీనులు క్రిక్కిరిసి యుండును. వానిలో మనకు కావలసినది ఎచ్చట నున్నదో ఎట్లు కనుగొనుట? చీకటిరాత్రి భవానీపురము ఘట్టమున నిలిచి కృష్ణవైపు చూచినచో చేపలపడవ కానరాదు. పడవలోని దీపము మాత్రము కానవచ్చును. దీప మున్నచోట పడవ యున్నదని గ్రహింతుము. కణములోని ప్రోటీనుకు కూడ అట్టి దీపము నొకదానిని తగిలింపవలెను.

తగిలించు పని ప్రతిరక్షకములది. రోగములను ఎదుర్కొనుటకు మన రక్తములో పుట్టు ఈ పదార్థములకు ఒక గొప్ప గుణము కలదు. తాళపుచెవి తన తాళమునకే పట్టునట్లు, ఒక్కొక్క ప్రతిరక్షకము తనకు తగిన పదార్థమును వెదకి పట్టుకొనును. దానిని బంగారు రేణువుపై అంటించి, పలుచగా కోసిన కణముపై వదలినచో, అది పోయి తన చోటున కూర్చుండును. బంగారమును వెంటగొని పోవును.

రేణువులు చేయు విధానము వంటయింటి పనికి దగ్గరగా నుండును. మైకేల్ ఫారడే 1857లోనే భాస్వరముతో ఎర్రని బంగారు ద్రవమును చేసి చూపెను. నేడు ఎక్కువగా వాడు పద్ధతి టర్కెవిచ్ మొదలైనవారు 1951లో పరిశీలించి స్థిరపరచినది. బంగారు లవణము కలిపిన నీటిని మరిగించి, అందులో సోడియం సిట్రేటు వేయుదురు. ఇది మనము నిమ్మ ఉప్పు అనుదానికి చుట్టమే. లేతపసుపు ద్రవము మొదట రంగు కోల్పోవును. పిదప నీలిగా నల్లబడి, కొన్ని నిమిషములలో ఎర్రబారును. ఒక లీటరు ద్రవమునకు పట్టు బంగారము గ్రాములో 20వ వంతు మాత్రమే. అనగా ఒక కాసు బంగారముతో 160 లీటర్లు చేయవచ్చును. చిలకలపూడి పనివారు పూత పూయుటలో చూపు పొదుపును మించిన పొదుపిది.

బంగారమే ఏల? కణము ముఖ్యముగా కర్బనము, ఉదజని, ఆమ్లజని వంటి తేలికైన మూలకములతో ఏర్పడినది. కర్బనపు పరమాణుసంఖ్య 6, బంగారమునది 79. ఎలెక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో పంపిన ఎలెక్ట్రానులను ఇట్టి బరువైన పరమాణువులు గట్టిగా చెదరగొట్టును. అందువలన బూడిదరంగు కణచిత్రముపై బంగారు రేణువు గుండ్రని నల్లచుక్కగా, కాటుకబొట్టువలె నిలుచును. దానిని మరియొకటిగా పొరబడుట కష్టము. 1971లో ఫాక్, టేలర్ అను ఇరువురు సాల్మొనెల్లా క్రిములపై ఈ పద్ధతిని చూపిరి. తరువాత 5, 10, 15 నానోమీటర్ల రేణువులను వేరువేరుగా చేయుట అలవాటైనది. తలవెండ్రుక మందము సుమారు 80,000 నానోమీటర్లని తలచినచో వీని కొలత మనసునకు అందును. చిన్న చుక్క ఒక ప్రోటీనుకు, పెద్ద చుక్క వేరొకదానికి వాడి, రెంటిని ఒకే చిత్రములో చూడవచ్చును. హైదరాబాదులో 1977లో నెలకొన్న సి.సి.ఎం.బి. వంటి సంస్థలలో ఎలెక్ట్రాన్ సూక్ష్మదర్శినులు కలవు.

అయితే చుక్క పడినంత మాత్రమున నమ్మరాదు. ప్రతిరక్షకము ఒక్కొక్కప్పుడు తనది కాని చోటను అంటుకొనును. అందుచేత వెదకు ప్రోటీను లేని కణమునకును ఇదే పరీక్ష చేసి, అచ్చట చుక్కలు పడలేదని చూచుకొనవలెను. ప్రతిరక్షకమునకు సైతము కొంత పొడవున్నది గనుక, చుక్క అసలు చోటికి పది, ఇరువది నానోమీటర్ల ఎడముగా ఉండవచ్చును. ఈ జాగ్రత్తలు లేని చిత్రము ఎంత అందముగా నున్నను మాకు దానిపై గౌరవము లేదు.

మన కోస్తా జిల్లాలకు ఈ బంగారము దగ్గరగా వచ్చినది బోదకాలు విషయమున. మురుగునీట పెరుగు క్యూలెక్స్ దోమ ఈ వ్యాధిక్రిములను మోయును. పిల్లపురుగులు రాత్రి పది మొదలు రెండు గంటలవరకు రక్తములో విరివిగా తిరుగును. కనుకనే వెనుక ఆరోగ్యకార్యకర్తలు నడిరేయి తలుపు తట్టి, నిద్రించు పిల్లలను లేపి, వ్రేలు పొడిచి, రక్తపుచుక్కను సూక్ష్మదర్శినిలో చూడవలసి వచ్చెడిది. 1990ల దశకమున వచ్చిన పరీక్షకార్డు పెద్దపురుగు విడుచు పదార్థమును పట్టును. ఆ పదార్థము పగలును రాత్రియు రక్తములో నుండును. దానిని పట్టుకొను ప్రతిరక్షకమునకు బంగారమే గురుతు. రేణువులు ఒకచోట గుమికూడగా ఏర్పడు గీతను చూచుటకు కన్ను చాలును.

ఈ వ్యాధికి వాడు డి.ఇ.సి. మందు 1940ల దశకమున లెడర్లీ సంస్థలో, భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వమున వెలువడినది. ఊరూర మందు పంచిన పిమ్మట వ్యాప్తి ఆగినదో లేదో తెలియుటకు ఆరు, ఏడేండ్ల పిల్లలను ఈ పట్టీలతో పరీక్షింతురు. ఏండ్ల క్రిందట కాలు వాచిన తాతగారికి గీత రాకపోవచ్చును, ఆయన ఒంటిలోని పురుగులు చచ్చి యుండును. కాలు నున్నగానున్న మనుమరాలికి రావచ్చును. మందు ముందుగా అందవలసినది ఆ పిల్లకే. పట్టీని చూచువారు గడియారమును కూడ చూచుచుండవలెను. పది నిమిషములకు చదువవలసిన దానిని చాలసేపు వదలివేసినచో, లేని గీత తేలుటయు కలదు.