గరిక పూత – కూలీ ఆయాసం

పొద్దున్నే గట్టుమీద గడ్డి కోయడానికి వంగితే తుమ్ములు ఆగవు. కళ్ళు ఎర్రబడి నీరు కారతాయి. రాత్రికి ఆయాసం. 'దుమ్ము పడట్లేదు' అంటారు ఇంట్లోవాళ్ళు. మర్నాడు పనికి పోకపోతే కూలి పోయినట్టే. ఇదంతా దుమ్మేనా? కొందరికి పడనిది దుమ్ము కాదు, పూతకొచ్చిన గడ్డి పుప్పొడి.

ఈ సంగతి రుజువు చేసింది ఇంగ్లండులోని మాంచెస్టర్ డాక్టరు చార్లెస్ బ్లాక్లీ. ఆయనకే ఆ జబ్బుండేది. పుప్పొడిని తనమీదే ప్రయోగించుకుని 1873లో పుస్తకం రాశాడు.

మరి పుప్పొడిలో ఒంటికి పడనిదేమిటి? కొన్ని మాంసకృత్తులు, అంటే ప్రొటీన్లు. వీటిని పట్టే పద్ధతి మరీ అర్థంకానిదేం కాదు. పుప్పొడిని ఉప్పు కలిపిన ద్రవంలో నానబెడితే ప్రొటీన్లు అందులోకి దిగుతాయి. ఆ రసాన్ని మెత్తటి జిగురు పలకలో పోసి కరెంటు పెడితే చిన్నవి ముందుకు పోతాయి, పెద్దవి వెనకబడతాయి. జల్లెడ పట్టినట్టన్నమాట. వాటిని ఒక పొరమీదకు ఎక్కించి, రోగి రక్తంలోని రసిని దానికి తగిలిస్తారు. రోగి రక్తంలోని 'ఐజిఇ' అనే పదార్థం ఏ ప్రొటీనును పట్టుకుంటే అదే దొంగ!

ఇలా గడ్డికీ గడ్డికీ పోల్చి చూశారు. చలిదేశాల్లో పెరిగే తిమోతి, రై గడ్డి పుప్పొళ్ళలో ఒకటో రకం, ఐదో రకం ప్రొటీన్లు రెండూ ముఖ్యమైనవే. మన గరికలో ఒకటో రకం ఉంది, ఐదోది లేదు. ఉన్న ఒకటో రకమైనా అన్నదమ్ముల పోలికే తప్ప అచ్చంగా ఒకటి కాదు. ఆస్ట్రేలియాలోనూ ఈ తేడా కనబడింది. అక్కడి వేడి ప్రాంతమైన క్వీన్స్‌లాండ్ రోగుల రక్తం రై గడ్డికన్నా బహియా అనే వేడిప్రాంతపు గడ్డి పుప్పొడికే ఎక్కువగా స్పందించింది.

దీన్నిబట్టి మనకు తేలేదేమిటి? ఒక్క చలిదేశపు గడ్డి రసంతోనే పరీక్ష చేస్తే గరిక పడని మనిషి జబ్బు సరిగా బయటపడకపోవచ్చు. 'నీకేం లేదు పో' అంటే ఆ కూలీ ఎక్కడికి పోవాలి? కాబట్టి ఏ ఊరి రోగికి ఆ ఊరి గడ్డితోనే పరీక్ష జరగాలి. అది సర్కారు ఆస్పత్రిలో, పేదవాడికి అందేచోట జరగాలి. ఇది అడగవలసిన విషయమేనని మేము భావిస్తున్నాం.

ఈలోగా చేయగలిగిందీ ఉంది. గట్లమీది గడ్డిని పూతకు రాకముందే కోయండి. కోసేటప్పుడు ముక్కుకూ నోటికీ గుడ్డ కట్టుకోండి. ఇంటికి రాగానే మొహం కడుక్కుని బట్టలు మార్చండి. రెండు వారాలు దాటినా దగ్గు తగ్గకపోతే గడ్డిమీద నెట్టేయకుండా క్షయ పరీక్ష చేయించుకోండి. ఊపిరి అందకపోతే మాత్రం తెల్లారేదాకా ఆగొద్దు, వెంటనే ఆస్పత్రికి పోవాలి.