సహకారనిధికి చిత్రరచన

విద్యార్థులారా, పలువురు కొలదికొలదిగా సొమ్ము కూర్చి యొక కార్యమును నడపదలచినప్పుడు జనులు మొదట చూచునది లెక్కల పుస్తకము కాదు; కరపత్రముమీది బొమ్మ. ఆ బొమ్మ యెట్లుండవలెనో అమెరికాలోని నల్లజాతివారి చరిత్రము వలన తెలిసికొందము.

1919లో మార్కస్ గార్వీ న్యూయార్కునందలి హార్లెం పేటనుండి బ్లాక్ స్టార్ లైన్ అను ఓడల సంస్థను నడప నారంభించెను. అది సరియైన సహకార సంఘము కాదు, వాటాల కంపెనీయే. అయినను వాటా వెల 5 డాలర్లే యగుటచే కూలివారును, పరుల యిండ్లలో పనిచేయు స్త్రీలును తాము దాచుకొన్న సొమ్ముతో వాటాలు కొనిరి. 1920లో గార్వీ సంఘమువారు ఎరుపు, నలుపు, పచ్చ అను మూడింటిని తమ జాతి వన్నెలుగా ప్రకటించిరి. చిందిన రక్తమునకు ఎరుపు, మేనిచాయకు నలుపు, పైరునేలకు పచ్చ గుర్తులు. చదువురానివారు సైతము ఆ జెండాను దూరమునుండియే పోల్చుకొనగలిగిరి.

ఇంతవరకు బాగుగనే యున్నది. కాని వారి కరపత్రమొకదానిపై ఓడ బొమ్మ యుండెను. ఓరియన్ అను ఓడకు బేరము జరుగుచుండగనే, దాని చిత్రముపై నల్లజాతి కవయిత్రియగు ఫిలిస్ వీట్లీ పేరు దిద్ది అచ్చొత్తించిరి. ఆ ఓడ వారికి దక్కనేలేదు. 1923లో తపాలా మోసపు నేరముక్రింద గార్వీని విచారించినప్పుడు ప్రభుత్వ న్యాయవాదులు ఈ చిత్రమును చూపి వాదించిరి. ఆయనకు 5 సంవత్సరముల శిక్ష పడెను. ప్రభుత్వమువారు అంతకుముందే ఆయనపై కన్ను వేసియుండిరనుటయు నిజమే. 2025 జనవరిలో అధ్యక్షుడు బైడెన్ మరణానంతర క్షమాభిక్ష నొసగెను. కాని బీదల సొమ్ము తిరిగి రాలేదు.

కనుక ఉన్నదానినే గీయవలెను. 1969లో మిసిసిపీ రాష్ట్రమున ఫానీ లూ హేమర్ అను నామె మొదట 40 ఎకరములు సేకరించి ఫ్రీడమ్ ఫార్మ్ అను సహకార క్షేత్రమును స్థాపించెను. అందొక పందుల బ్యాంకు గలదు. దాని వలన బీద కుటుంబములకు పందులు లభించెడివి. ఆ క్షేత్రమునకు చిహ్నము గీయుమని మమ్ము కోరియుండినచో, మేడలను యంత్రములను విడిచి, తల్లిపందిని, దాని పిల్లలను, ప్రక్కన కూరమడిని గీసియుందుము. నవ్వకుడు! ఆ యింటివారికి ఆ పందియే నిలువ ధనము.

గీత లావుగా, కొలదిగా నుండవలెను. బొమ్మను రూపాయి బిళ్ళంత చేసినను, ఒక్క నల్లసిరాతోనే అచ్చొత్తినను పోల్చుకొనుటకు వీలుండవలెను. వన్నెలు తరువాత చేర్చవచ్చును. బొమ్మ క్రింద వాటా వెల, నేటివరకు చేరిన మొత్తము, సొమ్ము ఎవరి యొద్ద నున్నదియు పెద్ద యక్షరములతో వ్రాయవలెను.