కాపలా కుక్కకి చొక్కా కుడదాం, వేటకి మాత్రం కాదు

మొక్కజొన్న పొత్తు గింజ పట్టే రోజులొస్తే భామిని నుంచి కురుపాం దాకా కొండకింద రైతుకి నిద్రుండదు. ఒక్క రాత్రి అడవిపందుల మంద దిగిందా, తెల్లారేసరికి చేను తొక్కీసిన కళ్లంలా ఉంటాది. మంచె మీద మనిషి, చేతిలో టార్చిలైటు, కొట్టడానికి రేకుడబ్బా, కింద ఒక కుక్క. ఇదే మన కాపలా. ఇందులో కూలి అడగంది కుక్కొక్కటే. డొక్క చీరుకుని ఇంటికొచ్చేదీ అదే.

పంది ఎలా కొడతాదో తెలిస్తే చొక్కా ఎలా కుట్టాలో తెలిసిపోతాది. మగపంది కింది కోరలు పై కోరలకి రాసుకుని కత్తిలాగ సానబడతాయి. తల దించి, కింద నుంచి పైకి ఎగదోసి చీరుతాది. అంచేత దెబ్బ తగిలేది రొమ్ముకి, డొక్కలకి, మెడకింద. మన కుర్రోళ్లు కొందరు వీపు మీద గోనె కట్టి వదిలేస్తారు. ఏటి లాభం?

అమెరికా, ఆస్ట్రేలియాల్లో కెవ్లార్ చొక్కాలు కొనుక్కుంటారు. మనకి పాత స్కూలుబ్యాగుల దళసరి నైలాను గుడ్డ చాలు. ఒంటికి తగిలే పొర పాత లుంగీ. దాని మీద నైలాను రెండు మూడు పొరలు, రొమ్ము దగ్గర ఇంకో పొర ఎక్కువ. ముందు కాగితం మీద కత్తిరించి కుక్క ఒంటికి పెట్టి చూడండి. చంకల దగ్గర వదులుండాల, లేదంటే నాలుగడుగులకే ఒరుసుకుని పుండవుతాది. మగకుక్కయితే పొట్ట వెనక భాగం వదిలీయాల, ఉచ్చ పోసుకోవాల కదా. చెప్పులు కుట్టే పెద్దాయన దగ్గరకెళ్లి నైలాను దారంతో కుట్టించండి, మన మిషను సూది విరుగుతాది. తాడుతో ముడెయ్యొద్దు, బ్యాగు క్లిప్పులు పెట్టండి. కంపలో చిక్కుకుంటే చటుక్కున విప్పొచ్చు. పట్టీ కింద రెండు వేళ్లు దూరాల.

రేకు, టైరుముక్క వద్దే వద్దు. కుక్కకి మనలాగ ఒళ్లంతా చెమట పట్టదు, నాలుక బయటపెట్టి రొప్పితేనే ఒళ్లు చల్లబడతాది. బరువు చొక్కా తొడిగి పరిగెత్తిస్తే పంది చంపక్కర్లేదు, వేడే చంపీగలదు. రాత్రి కాపలాకే తొడగండి, పగలు విప్పీండి.

ఇంకో మాట. ఉద్దానం జీడితోటల్లో ఎలుగుబంటి తిరిగే చోట ఈ చొక్కాని నమ్ముకోవద్దు. బెదిరిన కుక్క మన దగ్గరకే పరిగెత్తుకొస్తాది, దాని వెనకే ఎలుగూ వస్తాది.

ఇక చేదు సంగతి. చొక్కా ఉంది కదాని కుక్కని పంది మీదకి ఉసిగొల్పితే అది వేటే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో వేటంటే చంపడమొక్కటే కాదు, తరమడం, ఉచ్చు పన్నడం కూడా. 2022 సవరణ తర్వాత మూడేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదంటే రెండూ. మా తాతల కాలం నుంచీ ఉంది అంటారేమో. 2006 అటవీ హక్కుల చట్టం సవర, జాతాపు బిడ్డలకి పోడు భూమి మీద, అడవి ఫలసాయం మీద హక్కిచ్చింది గాని, వేట హక్కుని మాత్రం పేరుపెట్టి మినహాయించింది.

నాకూ కోపమే. పందికి చట్టముంది, చేనుకి కాపలా ఏదీ? ఆ కోపంతో గ్రామసభలో పంట నష్టం మీద తీర్మానం రాయిద్దాం, అటవీశాఖ ఆఫీసు ముందు కూకుందాం. కుక్కని, పద్దెనిమిదేళ్ల కుర్రోణ్ని ముందుకి తోసీడం పోరాటం కాదు. చేను గట్టు లోపల కుక్క మొరిగితే చాలు, మంచె మీద మనిషి లేస్తాడు, డబ్బా కొడతాడు.

పొద్దున్న చొక్కా విప్పాక వేళ్లతో బొచ్చు పాయలుతీసి ఒళ్లంతా చూడండి. కోర గాయం పైకి చిన్న కన్నమే, లోపల జానెడు ఉంటాది. పసుపు, కిరసనాయిలు పొయ్యొద్దు. నొప్పిలో మన కుక్కే మనల్ని కరవొచ్చు, మూతికి మెత్తటి గుడ్డ కట్టండి, ఊపిరాడేలాగ. శుభ్రమైన గుడ్డ గాయమ్మీద అదిమిపెట్టి 1962కి ఫోన్ చేయండి, పశువుల అంబులెన్సు అదే. రేబిస్ టీకా ఏడాదికోసారి ఏయించారో లేదో ఆ డాక్టరుగారే అడుగుతారు.