నిద్రలో తగిలిన దెబ్బ దాచకండి!

సూర్యాపేట జిల్లా తిరుమలగిరిలో మా పుట్టిల్లు. ఓసారి వెళ్లినప్పుడు అమ్మ మోచెయ్యి నల్లగా కమిలి ఉంది. "తలుపు తగిలింది బిడ్డా" అంది. మళ్లీ వెళ్లేసరికి పెదవి చిట్లింది. అదీ తలుపేనా? గట్టిగా అడిగితే, "మీ నాయిన నిద్రల కొట్టిండు. ఆయనకే తెల్వదు. ఎవరికీ చెప్పకు, నవ్వుతరు" అంది.

నాయిన ఏనాడూ అమ్మ మీద చెయ్యెత్తిన మనిషి కాదు. తెల్లవారుజామున మాత్రం "పట్టు, పట్టు" అని అరుస్తూ కాళ్లు విదిలించేవాడు. లేపితే, దొంగలు గొడ్లను తోలుకుపోతున్నట్టు కలొచ్చిందనేవాడు. చుట్టాలు గాలి సోకిందని తాయెత్తు కట్టించారు. ఒక డాక్టరు వయసు మీద పడితే అంతేనన్నాడు. నాలుగేళ్లు గడిచాక కుడిచెయ్యి వణకసాగింది. హైదరాబాదులో నరాల డాక్టరు పార్కిన్సన్స్ వ్యాధి అన్నారు. నేను వణుకు గురించి చెబుతుంటే ఆయన అమ్మ వైపు తిరిగి, "రాత్రిళ్లు నిద్రలో చేతులు విసురుతాడా?" అని అడిగారు. అన్నేళ్లలో అమ్మను ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆయనే.

కలలు ఎక్కువగా వచ్చే నిద్రను ఆర్‌ఈఎం నిద్ర అంటారు. అప్పుడు మెదడు మన కండరాలను కదలనివ్వదు. అందుకే కలలో ఎంత పరిగెత్తినా మంచం మీదే ఉంటాం. ఆ పట్టు సడలితే కలలో చేసేదంతా ఒళ్లు చేసేస్తుంది. 1986లో అమెరికాలోని మిన్నెసోటా డాక్టర్లు షెంక్, మహోవాల్డ్ దీన్ని ప్రత్యేకమైన జబ్బుగా గుర్తించారు. 1996లో వాళ్లే మరో సంగతి బయటపెట్టారు. ఈ జబ్బున్న 29 మంది పెద్దవయసు మగవాళ్లలో 38 శాతానికి పార్కిన్సన్ లక్షణాలు వచ్చాయట! 2019లో 1,280 మందిపై వెలువడిన అధ్యయనమైతే, పన్నెండేళ్లలో నలుగురిలో దాదాపు ముగ్గురికి పార్కిన్సన్స్ గానీ, ఆ కోవలోని మతిమరుపు జబ్బు గానీ రావచ్చని తేల్చింది.

వాసన తెలియకపోవడం, మలబద్ధకం కూడా ముందే కనిపించవచ్చు. పోపు మాడినా నాయిన పసిగట్టేవాడు కాదు. మేం నవ్వుకునేవాళ్లం.

అలాగని పలవరించే ప్రతివారికీ ఇదేనని హడలిపోకండి. గురకతో ఊపిరాడక ఉలిక్కిపడేవాళ్లున్నారు. డిప్రెషన్‌కు వాడే కొన్ని మందులతోనూ ఇలా జరుగుతుంది. రాత్రంతా నిద్రలో చేసే పాలీసోమ్నోగ్రఫీ పరీక్షతో తేలుతుంది. అన్నట్టు, మెలకువలో కొట్టే మొగుడికి ఇది సాకు కాదు సుమా!

రాబోయే జబ్బును ఆపే మందు ఇంకా లేదు. మరి ముందే తెలిసి ఏం లాభం? దెబ్బలు తప్పుతాయి. మెలటోనిన్, క్లోనజెపామ్ లాంటివి డాక్టరు చూసి ఇస్తారు. సొంతంగా కొని వేయకండి. గురక జబ్బుంటే రెండోది ప్రమాదం. వ్యాయామం మేలు చేస్తుంది. వణుకు మొదలైతే వైద్యం ఆలస్యం కాదు. ఇదంతా జరగాలంటే పక్కన పడుకునే మనిషి నోరు విప్పాలి. రోగికి తన కేక తనకే గుర్తుండదు మరి.

ఇప్పుడు ఇంట్లో రెండు మంచాలు. నాయిన మంచం పక్కన కింద పరుపు వేశాం. చెంబు, టార్చిలైటు చేతికందకుండా పెట్టాం. ఏ రాత్రి ఏం జరిగిందో అమ్మ క్యాలెండరు మీద గీతలు గీస్తుంది. ఆస్పత్రికి వెళ్లేటప్పుడు దాన్ని చుట్టి సంచిలో పెట్టుకుంటుంది.