కొసరు నుంచి కోత దాకా: కిరాణా సరకుల కొలతలో మార్పు, పొదుపు

వ్యాస సంగ్రహం:
కిరాణా కొనుగోలులో కొలత కొనుగోలుదారు కళ్లముందు నుంచి ప్యాకెట్ లోపలికి మారింది. ఈ మార్పు సామాన్య కుటుంబాల పొదుపును ఎలా ప్రభావితం చేస్తున్నదో ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలక పదాలు: కిరాణా, కొలమానాలు, కొసరు, యూనిట్ ధర, పొదుపు.

1. ఉపోద్ఘాతం:
సరకును కొలతతో కలిపి చెప్పడం తెలుగువారి పూర్వపు వాడుక. సోలెడు బియ్యం, మానెడు జొన్నలు, వీశెడు బెల్లం వంటి పదబంధాలు ఇందుకు నిదర్శనాలు. నేడు 'ఐదు రూపాయల బిస్కెట్ ప్యాకెట్', 'పది రూపాయల చిప్స్' వంటి మాటలు స్థిరపడ్డాయి. మొదటి పద్ధతిలో కొలత స్థిరంగా ఉండి ధర మారేది. రెండవదానిలో ధర స్థిరంగా ఉండి కొలత మారుతున్నది. మారే అంశం సరకు పేరులో లేనందువల్ల ఆ మార్పు వినియోగదారుల దృష్టికి సులభంగా రాదు.

2. కొలత - కొసరు:
నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, నాలుగు మానికలు ఒక కుంచం. కొలపాత్రల పరిమాణం ప్రాంతాన్ని బట్టి మారేది. తప్పుడు తూకాలూ లేకపోలేదు. అయితే అంచుకు సమంగా కొలిచారా, రాశిగా పోసి కొలిచారా అన్నది కొనేవారికి కనిపించేది. కాబట్టి అక్కడికక్కడే అడిగే వీలుండేది. కొలత పూర్తయ్యాక అడిగి పుచ్చుకునే అదనపు సరకే కొసరు. 'కొసరి వడ్డించడం' అనే వాడుకలో ఆ అర్థచ్ఛాయ నేటికీ నిలిచి ఉంది.

3. ప్యాకెట్ - చట్టం:
1956 నాటి తూనికలు, కొలతల చట్టం దేశమంతటికీ మెట్రిక్ ప్రమాణాలను నిర్దేశించింది. 2009 నాటి లీగల్ మెట్రాలజీ చట్టం కింద వచ్చిన 2011 నియమాలు బిస్కెట్లు, టీ, వంటనూనెలు వంటి కొన్ని సరకులను నిర్ణీత పరిమాణాల్లోనే ప్యాక్ చేయాలన్నాయి. 2021 సవరణ ఆ జాబితాను తొలగించి, దానికి బదులుగా యూనిట్ ధరను ముద్రించే నిబంధనను తెచ్చింది. దీని ప్రకారం కిలోకు తక్కువైన ప్యాకెట్‌పై గ్రాము ధర, కిలోకు మించినదానిపై కిలో ధర ఉండాలి. అంటే పరిమాణాన్ని పోల్చుకునే బాధ్యత చాలావరకు కొనుగోలుదారుపై పడింది.

4. కనిపించని పెరుగుదల:
పది రూపాయల ప్యాకెట్‌లో 100 గ్రాములకు బదులు 80 గ్రాములు ఉన్నాయనుకుంటే, తగ్గిన బరువు 20 శాతం. గ్రాము ధర మాత్రం 10 పైసల నుంచి 12.5 పైసలకు, అంటే 25 శాతం పెరిగినట్లు. మార్పు బరువుకే పరిమితం కాదు. పాలకొవ్వుతో చేసే ఐస్‌క్రీమ్ పక్కనే వృక్షసంబంధ నూనెలతో చేసే 'ఫ్రోజెన్ డెజర్ట్' అమ్ముడవుతున్నది. చూపుకు, రుచికి దగ్గరగా ఉండే ఈ రెంటి తేడా పేరులోను, పదార్థాల జాబితాలోను మాత్రమే తెలుస్తుంది.

5. పొదుపు - పేదరికం:
ఎక్కువ మొత్తంలో కొంటే చవక అన్నది సాధారణ విశ్వాసం. అందుకు చేతిలో డబ్బు, ఇంట్లో నిల్వకు చోటు కావాలి. ఏనాటి కూలితో ఆనాడు సరకులు తెచ్చుకునే కుటుంబానికి చిన్న ప్యాకెట్టే గతి. బరువు కోత భారం ఎక్కువగా పడేది ఆ కుటుంబంపైనే. పెద్ద ప్యాకెట్ కూడా ప్రతిసారీ చవక కాదు. పురుగు పట్టిన బియ్యం, కనరెక్కిన నూనె ఆ లాభాన్ని హరిస్తాయి.

6. ముగింపు:
• కొలత కనుమరుగు కావడంతో కొసరు అడిగే అవకాశమూ పోయింది.
• గరిష్ఠ చిల్లర ధర ఒక్కటే చూస్తే మోసపోయే వీలుంది. యూనిట్ ధర, నికర బరువు, పదార్థాల జాబితా కలిపి చదవాలి.
• సోల, తవ్వలను కంటితో అంచనా వేసిన నేర్పు వంటిదే నేడు అక్షరాలు, అంకెలు చదవడంలో అవసరం. చదువురాని వినియోగదారులకు ఆ నేర్పు అందనంతకాలం ముద్రిత సమాచారం వారికి రక్షణ కాజాలదు.